పదహారులో ఐదు: బ్రేకింగ్ బ్యాడ్ చివరి సీజన్‌లో మీ ఎపిసోడ్లు మీరే ఏరుకోవడం ఎలా

అక్క ఫోన్ చేసి అడిగింది. "ఒరేయ్, బ్రేకింగ్ బ్యాడ్ చివరి సీజన్ మళ్లీ చూడాలనుంది. పదహారూ చూసే తీరిక నాకు లేదు. ఓ ఐదు చెప్పు, నీకు నిజంగా నచ్చినవి."

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "ఓజిమాండియస్" అన్నాను.

"ఎందుకు?"

"బెస్ట్ ఎపిసోడ్ కదక్కా, అందరూ అదే అంటారు."

"అందరి సంగతి నేనడగలేదు. నీకు అందులో ఏం నచ్చింది?"

నాకు వెంటనే జవాబు రాలేదు. ఆ ఎపిసోడ్ అప్పటికే మూడుసార్లు చూశాను. అయినా నోటికొచ్చింది ఊళ్లో వాళ్ల మాటే తప్ప నా మాట కాదు. రెండు వారాలు టైమివ్వమని అక్కని అడిగాను. ఆ రెండు వారాల్లో నేను చేసిన పనే ఇక్కడ రాస్తున్నాను. ఏ సీరియల్ చివరి సీజన్‌కైనా ఇది పనికొస్తుంది. ఉదాహరణలు మాత్రం నేను చూసిన దాంట్లోంచే ఇస్తాను.

ఒక మాట ముందే చెప్పాలి. కింద కథ ముగింపు మొత్తం ఉంది. బ్రేకింగ్ బ్యాడ్ ఇంకా చూడనివాళ్లు దయచేసి ఇక్కడే ఆగిపోండి. మొదటిసారి చూసేటప్పుడు ఏ ఎపిసోడూ వదలకూడదు, వరసా తప్పకూడదు. ఏరుకోవడం అనేది మొత్తం చూసేసినవాళ్ల పని.

చూసి చాలాకాలమైనవాళ్ల కోసం నాలుగు ముక్కలు. క్యాన్సర్ వచ్చిందని తెలిశాక కుటుంబం కోసమంటూ మెత్ అనే మత్తుమందు వండడం మొదలుపెట్టిన కెమిస్ట్రీ టీచర్ వాల్ట్ కథ ఇది. స్కైలర్ అతని భార్య, జెస్సీ అతనితో కలిసి వండేవాడు. స్కైలర్ చెల్లెలు మేరీ, ఆమె భర్త హ్యాంక్ డ్రగ్స్ కేసులు చూసే అధికారి. ఈ అమెరికన్ సీరియల్ మొత్తం 62 ఎపిసోడ్లు, 2008 జనవరిలో మొదలైంది. చివరిదైన ఐదో సీజన్‌లో 16 ఉన్నాయి. వాటిని రెండు భాగాలుగా వేశారు. మొదటి ఎనిమిది 2012 జూలై నుంచి సెప్టెంబర్ 2 వరకు, మిగతా ఎనిమిది 2013 ఆగస్టు 11 నుంచి సెప్టెంబర్ 29 వరకు వచ్చాయి. మధ్యలో పదకొండు నెలలకు పైగా ఖాళీ. ఈ ఖాళీ సంగతి గుర్తుపెట్టుకోండి, దీనితో కొంచెంసేపట్లో పనుంది.

ముందు కాగితం, తర్వాతే స్క్రీన్

ఎపిసోడ్ల లిస్టు తెరవకండి. రేటింగులు చూడకండి. క్లిప్పులు కూడా వద్దు. ఒక కాగితం తీసుకుని, ఆ సీజన్‌లో గుర్తున్న సీన్లు గుర్తొచ్చిన వరసలో రాయండి. ఎపిసోడ్ పేరు తెలిసినా రాయొద్దు. కథ చెప్పకండి, కంటికి కనిపించింది మాత్రమే రాయండి. "హ్యాంక్‌కి నిజం తెలిసిపోవడం" అని కాదు, "బాత్రూంలో కూర్చున్న హ్యాంక్, ఒళ్లో పుస్తకం" అని. మొదటిది మీకు తెలిసిన విషయం, రెండోది మీరు చూసిన దృశ్యం. మనకి కావలసింది చూసిందే.

నా కాగితం మీద పదకొండు వచ్చాయి. వాటిలో కొన్ని:

స్విమ్మింగ్ పూల్ నీళ్లలో బట్టలతోనే స్కైలర్. బైక్ పక్కన నిలబడి చెయ్యూపుతున్న పిల్లాడు. రోడ్డు పక్కన ఒంటరిగా నిలబడి జేబులు తడుముకుంటున్న జెస్సీ. వాల్ట్ ఒళ్లో పాప "మామా" అనడం. మంచులో గేటు దాకా నడిచి ఆగిపోయిన వాల్ట్. వంటగదిలో స్తంభం.

ఆ చివరిదాని దగ్గర "స్తంభం" అని ఒక్క మాటే రాశాను. ఎందుకు అంతే రాశానో అప్పుడు పట్టించుకోలేదు.

దీనికి ఇరవై నిమిషాలు చాలు. ఇరవై నిమిషాల తర్వాత వచ్చేవి ఎక్కువగా ఎక్కడో చదివినవో, విన్నవో అయి ఉంటాయి. నా పన్నెండో సీన్ అలాంటిదే, కొట్టేశాను. కాగితాన్ని ఒక రాత్రి పక్కన పెట్టి మర్నాడు చూడండి. రాత్రంతా గడిచాక కూడా ఏ లైను దగ్గర ఆగిపోతారో, దాని పక్కన ఒక చుక్క పెట్టండి.

ఏ సీన్ ఏ ఎపిసోడ్‌లోదో వెతకడం

ఇప్పుడు లిస్టు తెరవచ్చు. ఇక్కడే మొదటి ఆశ్చర్యం ఎదురవుతుంది. మన జ్ఞాపకం సీన్లను తనకిష్టమొచ్చినట్టు అతికించేస్తుంది.

ఉదాహరణకి, హ్యాంక్ బాత్రూంలో పుస్తకం తెరవడం, వాల్ట్‌ని గ్యారేజీలో గుద్దడం నా బుర్రలో ఒకే సాయంత్రం జరిగిన సంగతులు. నిజానికి పుస్తకం ఎనిమిదో ఎపిసోడ్ 'గ్లైడింగ్ ఓవర్ ఆల్' చివర్లో వస్తుంది. గ్యారేజీ తొమ్మిదోది, 'బ్లడ్ మనీ'లో. వాటి మధ్య ఆ పదకొండు నెలల ఖాళీ ఉంది. టీవీలో వస్తున్నప్పుడే చూసినవాళ్లు హ్యాంక్‌ని అలా కూర్చోబెట్టి దాదాపు ఏడాది ఎదురుచూశారు. నేను తర్వాత చూశాను కాబట్టి ఒక బటన్ నొక్కగానే గ్యారేజీలో ఉన్నాను.

అందుకే ఈసారి ఒక పని చేశాను. 'గ్లైడింగ్ ఓవర్ ఆల్' చూసి, ఆటోప్లే ఆపేసి, మూడు రోజులు తర్వాతది ముట్టుకోలేదు. ఈ ఒక్క సలహా మాత్రం తప్పకుండా పాటించండి. సీజన్ మధ్యలో తయారుచేసినవాళ్లు ఆగిన చోట మనం కూడా ఆగాలి. ఆ మూడు రోజులూ ఆ ఎపిసోడ్ నా వెంటే తిరిగింది. వాల్ట్ ఆఫీసులో కూర్చుని ఒక ఈగని చూస్తూ ఉండడంతో మొదలవుతుంది. ఒక స్టోరేజీ గదిలో మంచమంత డబ్బు గుట్ట వస్తుంది. వాల్ట్ ఇక మానేశానని స్కైలర్‌తో అంటాడు. పూల్ పక్కన కుటుంబమంతా కూర్చుని మామూలు కబుర్లు చెప్పుకుంటారు. ఎవరి గొంతులోనూ టెన్షన్ లేదు. సరిగ్గా అప్పుడు హ్యాంక్ లేచి లోపలికి వెళతాడు. విట్‌మన్ కవితల పుస్తకం తెరుస్తాడు, అందులో, ఒకప్పుడు వాల్ట్‌తో ల్యాబ్‌లో పనిచేసిన గేల్ చేత్తో రాసిన రెండు లైన్లు. నాలుగో సీజన్‌లో ఇదే హ్యాంక్, గేల్ నోట్‌బుక్‌లోని W.W. అనే అక్షరాలు చూపించి ఎవరివై ఉంటాయని వాల్ట్‌ని నవ్వుతూ అడిగాడు. వాల్ట్ కూడా నవ్వుతూనే విట్‌మన్ పేరు చెప్పాడు. ఆ నవ్వు ఇన్నాళ్లకి ఇక్కడ తిరిగొచ్చింది.

ఇంకో అతుకు చెప్తాను. చెయ్యూపిన పిల్లాడిదీ, అతని బైక్‌ని ముక్కలు చెయ్యడందీ ఒకే ఎపిసోడ్ అనుకున్నాను. కాదు. రైలు దోపిడీ ఉన్న 'డెడ్ ఫ్రైట్', దాన్ని చూసేసిన ఆ పిల్లాణ్ణి టాడ్ కాల్చెయ్యడంతో ముగుస్తుంది. ఆ తర్వాతి 'బయౌట్' మొదట్లో బైక్‌ని విప్పుతారు. ఒక్క మాట లేదు. స్పానర్లు తిరుగుతాయి, భాగాలు ఒక్కొక్కటే ఊడి వస్తాయి, టాడ్, వాల్ట్, మైక్ పని చేసుకుపోతుంటారు. నాకు గుర్తున్న బాధలో సగం రెండో ఎపిసోడ్‌దన్నమాట. మీకూ ఇలాగే తేలితే, ఏది మీదో తేల్చుకోవడానికి రెండూ చూడాల్సిందే.

సీన్ వేరు, ఎపిసోడ్ వేరు

చాలామంది ఇక్కడ పొరపడతారు. ఒక సీన్ నచ్చితే ఎపిసోడ్ నచ్చినట్టే అనుకుంటారు. నేను పెట్టుకున్న పరీక్ష చెప్తాను. నచ్చిన సీన్‌ని పక్కన పెట్టి మిగతా నలభై నిమిషాలు చూడండి. మళ్లీ చూడాలనిపిస్తే ఎపిసోడ్ మీది. అనిపించకపోతే సీన్ ఒక్కటే మీది. సీన్‌ని ప్రేమించడంలో తప్పేం లేదు, దాన్ని సీన్‌గా గుర్తుపెట్టుకుంటే చాలు.

'డెడ్ ఫ్రైట్' నా విషయంలో ఈ పరీక్షలో తప్పింది. రైలు ఆపడం, రసాయనం తోడి బదులు నీళ్లు నింపడం, ఇంకొక్క నిమిషం అంటూ వాల్ట్ మొండికేయడం, అన్నీ ఊపిరి బిగపట్టి చూస్తాం. కానీ రైలు సంగతి ఎలా ముగుస్తుందో తెలిశాక నా మనసు ఆ పిల్లాడి దగ్గరే ఉండిపోయింది. మొదట్లోనే వస్తాడు, ఎడారిలో సాలీడుని పట్టి గాజుసీసాలో వేసుకుంటాడు. ఆ తర్వాత మనం అతన్ని మర్చిపోతాం. ఆ మర్చిపోవడమే ఎపిసోడ్ మనచేత చేయించే తప్పు. గొప్ప పనితనం, ఒప్పుకుంటాను. అయినా నా ఐదులోకి రాలేదు.

'ఫిఫ్టీ వన్' నెగ్గింది. పూల్ సీన్ తీసేసినా దాని బలం తగ్గలేదు. అది వాల్ట్ యాభై ఒకటో పుట్టినరోజు. అందరూ పూల్ పక్కన కూర్చుని ఉంటారు. గడిచిన ఏడాది గురించి వాల్ట్ ఏదో ఉపన్యాసంలా చెబుతుంటాడు, స్కైలర్ లేచి మెల్లగా నీళ్లలోకి దిగిపోతుంది. నాకు అంతవరకే గుర్తుంది. అసలు సంగతి తర్వాత ఉంది. పడకగదిలో వాల్ట్ ఆమెని నిలదీస్తాడు. నీ ప్లాన్ ఏంటి, పిల్లల్ని ఎక్కడికి పంపుతావ్, ఎన్నాళ్లు పంపుతావ్ అంటూ ఒక్కో దారీ మూసేస్తూ వస్తాడు. ఆమె వెనక్కి వెనక్కి జరుగుతుంది. చివరికి ఆమె దగ్గర మిగిలింది ఎదురుచూడడం ఒక్కటే. దేనికోసం అంటే, క్యాన్సర్ తిరిగి రావడం కోసం. ఆ మాట గట్టిగా కూడా అనదు. ఎపిసోడ్ చివర జెస్సీ ఇచ్చిన గడియారం టిక్కుటిక్కుమనే చప్పుడు వినిపిస్తుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తే ఆ చప్పుడు ఎంత దగ్గరగా ఉంటుందో తెలుస్తుంది.

మొదటిసారి చూసినప్పుడు నాకు స్కైలర్ మీద విసుగొచ్చింది. వాల్ట్ వైపు నిలబడి చూశాను కాబట్టి అతని దారికి అడ్డొచ్చే మనిషిలా కనిపించింది. ఈసారి ఆమె వైపు నుంచి చూశాను. ఆ ఇంట్లో ఆమెకి మిగిలిన చోటు ఎంతో కనిపించింది. ఆ పాత్రకి అన్నా గన్ 2013లో, 2014లో వరసగా రెండు ఎమ్మీలు (అమెరికా టీవీ అవార్డులు) ఎందుకు గెలిచిందో ఆ పడకగది సీన్ ఒక్కటి చూసినా అర్థమవుతుంది. కాబట్టి ఎపిసోడ్లు వడకట్టేటప్పుడు కనీసం ఒకటైనా, మొదటిసారి మీకు నచ్చని మనిషి వైపు నిలబడి చూడండి. మీ లిస్టు మారే అవకాశం అక్కడే ఎక్కువ.

ఓజిమాండియస్‌ని ఒంటరిగా చూడకండి

అక్క "ఎందుకు" అన్నది దీని గురించే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను.

పద్నాలుగో ఎపిసోడ్ ఇది. మోయిరా వాలీ బెకెట్ రాసింది, దర్శకుడు రియాన్ జాన్సన్. రచనకి 2014లో ఎమ్మీ వచ్చింది. 'ఫిఫ్టీ వన్' దర్శకుడూ రియాన్ జాన్సనే. 'గ్లైడింగ్ ఓవర్ ఆల్' రాసిందీ మోయిరాయే. ఈ సంగతులు నేను ఎంపిక అయ్యాకే చూసుకున్నాను, మీరూ చివర్లోనే చూసుకోండి. పేర్లు ముందే తెలిస్తే వాటిని బట్టి నచ్చడం మొదలవుతుంది. తర్వాత తెలిస్తే, ఎవరి చేయి మనకి నప్పుతుందో తెలుస్తుంది.

ముందురోజు 'టోహజిలీ' చూడాలి. అది కాల్పుల మధ్యలో తెగిపోతుంది. అంతకు కాసేపటి ముందు హ్యాంక్ ఎడారిలోంచి మేరీకి ఫోన్ చేసి, పట్టుకున్నానని చెబుతాడు. ఆ ఫోన్ విన్నాకే 'ఓజిమాండియస్' మొదలుపెట్టండి. అది తెలియకపోతే తర్వాత మేరీ తలెత్తుకుని స్కైలర్ నడిపే కార్ వాష్‌లోకి నడిచొచ్చే సీన్ బరువు పూర్తిగా తెలియదు.

ఇప్పుడు ఎపిసోడ్ మొదలు చూడండి. కాల్పుల దగ్గరికి వెళ్లదు. ఏడాదికి పైగా వెనక్కి, అదే ఎడారికి, వాల్ట్ జెస్సీ మొదటిసారి వండిన రోజుకి వెళుతుంది. వాల్ట్ వ్యాన్ దిగి పక్కకి వచ్చి, భార్యకి చెప్పబోయే అబద్ధాన్ని ఒంటరిగా ప్రాక్టీస్ చేస్తాడు. పనిలో ఆలస్యమవుతుందని, యజమాని వదలడం లేదని. తర్వాత ఫోన్ చేసి అదే చెబుతాడు. పుట్టబోయే పాపకి హాలీ అని పేరు పెడదామని స్కైలర్ అంటుంది. వెనకాల దూరంగా జెస్సీ చిన్నపిల్లాడిలా కర్ర తిప్పుకుంటూ ఉంటాడు. తర్వాత ముందు వాల్ట్, ఆ వెనక జెస్సీ, చివరికి వ్యాన్ మాయమవుతాయి. ఖాళీ ఎడారి మిగులుతుంది. అప్పుడు వర్తమానం మొదలవుతుంది.

ఎపిసోడ్ చివర మళ్లీ ఒక ఫోన్ ఉంది. వాల్ట్ పాపని ఎత్తుకుపోయాడు, ఇంట్లో పోలీసులున్నారు, అతను స్కైలర్‌కి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిడతాడు. నువ్వు నాకు ఎప్పుడూ అడ్డుపడ్డావ్, నేను చెప్పింది ఎప్పుడూ వినలేదు, ఇదంతా నేనొక్కణ్ణే కట్టాను అని. నేను మొదటిసారి చూసినప్పుడు తిట్లు విన్నాను. రెండోసారి అతని మొహం చూశాను. గొంతు ఒకటి చెబుతోంది, మొహం ఇంకొకటి. ఏడుస్తున్నాడు. పోలీసులు వింటున్నారని అతనికి తెలుసు. ఆమెకేమీ తెలియదని, ఆమెకి తన పనుల్లో భాగం లేదని వాళ్లచేత నమ్మించాలి. ఇక మూడోసారి చూసినప్పుడు నా కళ్లు స్కైలర్ మీదున్నాయి. తిట్ల మధ్యలో ఎక్కడో ఆమెకి అర్థమవుతుంది. ఆ అర్థమవ్వడం ఆమె కళ్లలో మాత్రమే ఉంది, ఒక్క మాటలోనూ లేదు.

నాలుగోసారి, అంటే అక్క అడిగాక చూసినప్పుడు, మొదటి ఫోన్‌నీ చివరి ఫోన్‌నీ పక్కపక్కన పెట్టుకున్నాను. ఎపిసోడ్ అబద్ధం చెప్పే ఫోన్‌తో మొదలై అబద్ధం చెప్పే ఫోన్ దగ్గరికే వస్తుంది. మొదటిది తనని కాపాడుకోవడానికి, రెండోది ఆమెని కాపాడడానికి. మొదటిదానికి రిహార్సల్ చేసుకున్నాడు, రెండోదానికి అవసరం పడలేదు. అక్క ప్రశ్నకి నా జవాబు ఇదీ. కాల్పులు కాదు, ఎడారిలో డబ్బు పీపాలు కాదు. రెండు ఫోన్లు.

పాప "మామా" అనడం స్క్రిప్టులో లేదు. షూటింగ్‌లో ఆ పసిబిడ్డ తనంతట తాను అంటే, బ్రయాన్ క్రాన్‌స్టన్ ఆపకుండా పాత్రలోనే కొనసాగాడు. ఇది తెలిశాక ఆ సీన్ చూస్తే అతని మొహంలో మార్పు వచ్చే క్షణం పట్టుకోవచ్చు.

ఎపిసోడ్‌ని మళ్లీ చూసే పద్ధతి కూడా ఇందులోనే ఉంది. ప్రతిసారీ ఒకే మనిషిని చూడండి. మాట్లాడేవాళ్లని కాదు, వినేవాళ్లని. మంచి ఎపిసోడ్ అయితే వినేవాళ్ల మొహంలో ఇంకో కథ నడుస్తూ ఉంటుంది.

ఈ సూత్రంతోనే 'కన్ఫెషన్స్' నా లిస్టులోకి వచ్చింది. వాల్ట్ తయారుచేసిన వీడియో గురించి అందరూ చెప్పుకుంటారు. నిజమే, హ్యాంక్ మేరీ ఆ వీడియో చూస్తున్నప్పుడు వాళ్ల మొహాలు చూడాలి. కానీ నేను రాసుకున్నది జెస్సీ జేబులు. తనని వేరే ఊరికి తీసుకుపోయే బండి కోసం రోడ్డు పక్కన నిలబడతాడు. జేబులో ఉండాల్సింది లేదు, సిగరెట్ పెట్టె ఉంది. దాన్ని చూస్తాడు. విషం దాచిన సిగరెట్ తన దగ్గర్నుంచి ఎలా పోయిందన్న నాలుగో సీజన్ నాటి ప్రశ్నకి జవాబు అక్కడ, ఎవరూ చెప్పకుండా, అతని చేతిలో దొరుకుతుంది. బండి వచ్చి ఆగుతుంది. ఎక్కడు.

ఆఖరి ఎపిసోడ్ గురించి తొందరపడకండి

ఆఖరిది చూసిన రాత్రి దాన్ని ఎక్కడ పెట్టాలో తేల్చుకోకూడదు. ఇన్నేళ్ల కథ ముగిసిందన్న ఊరట, ఇక లేదన్న బెంగ రెండూ కలిసి దాన్ని ఉన్నదానికన్నా పెద్దదిగానో చిన్నదిగానో చూపిస్తాయి. ఓ వారం ఆగండి. ఆగి, దాని ముందుదానితో పక్కపక్కన చూడండి.

'ఫెలీనా' అన్న పేరు ఇంగ్లీష్‌లో రాసి అక్షరాలు అటూ ఇటూ మారిస్తే 'ఫినాలే' వస్తుంది. అందులో వాల్ట్ అనుకున్నవన్నీ అనుకున్నట్టే జరుగుతాయి. డబ్బు పిల్లలకి చేరే దారి దొరుకుతుంది, విషం లిడియాకి చేరుతుంది, కారు డిక్కీలోని మెషిన్ గన్ పని చేస్తుంది. స్కైలర్ ఎదుట, ఇదంతా నా కోసమే చేశాను, నాకు నచ్చింది, నేను అందులో గట్టివాణ్ణి అని ఒప్పుకుంటాడు. ఐదు సీజన్లుగా "కుటుంబం కోసం" అన్న మాట విన్నాక ఈ ఒప్పుకోలు మనకి దక్కాల్సిందే.

అయినా దాని ముందుదైన 'గ్రానైట్ స్టేట్' నాకు ఇంకా దగ్గర. పీటర్ గౌల్డ్ రాసి తీసిన ఎపిసోడ్. మంచులో ఒక చెక్క గది. దాచిన ఏడు పీపాల్లో ఒకటి మిగిలింది, కోటి డాలర్లకు పైనే ఉంటుంది. ఖర్చు పెట్టడానికి చోటు లేదు, పంపడానికి మనిషి లేడు. మొదటి రోజే టోపీ పెట్టుకుని, జేబుల్లో నోట్లు కుక్కుకుని గేటు దాకా నడుస్తాడు. ఆగుతాడు. రేపు అనుకుని వెనక్కి తిరుగుతాడు. తర్వాతి సీన్‌కి నెలలు గడిచిపోతాయి, జుట్టూ గడ్డం పెరిగి ఉంటాయి. పెళ్లి ఉంగరం వేలికి వదులై జారిపోతుంటే దారానికి కట్టి మెడలో వేసుకుంటాడు. సరుకులు తెచ్చే ఎడ్‌ని ఇంకొంచెంసేపు ఉండమని బతిమాలుతాడు. రెండు గంటలకి పదివేల డాలర్లు ఇస్తానంటాడు. ఎడ్ ఒక గంట ఉంటానని పేక కలుపుతాడు.

ఈ సీన్ గురించి అక్కకి చెబుతుంటే నాకు గొంతు పట్టేసింది. మనిషిని కొనుక్కోవాల్సి రావడం, అదీ గంట లెక్కన.

ఒక్కో ఎపిసోడ్‌కి ఒకే వాక్యం

ఐదు తేలాక ఒక్కోదానికి ఒక్కో వాక్యం రాయండి. అద్భుతం, సూపర్, నెక్స్ట్ లెవెల్ లాంటి మాటలు వాడొద్దు. ఏం కనిపించిందో రాయాలి, అది మీకే ఎందుకు అంటుకుందో ఆ వాక్యంలో తెలియాలి. వాక్యం రాకపోతే ఆ ఎపిసోడ్ ఇంకా మీది కాలేదని అర్థం, ఇంకోసారి చూడండి. నేను అక్కకి పంపినవి ఇవి.

ఫిఫ్టీ వన్: దారులన్నీ మూసుకుపోయిన మనిషి తన కోసం కాలాన్ని ఒక్కదాన్నే మిగుల్చుకుంది. గ్లైడింగ్ ఓవర్ ఆల్: అందరూ నవ్వుతున్న సాయంత్రం ఒకడు లేచి లోపలికి వెళ్లాడు. కన్ఫెషన్స్: నిజం జెస్సీ చేతిలో దొరికింది, బండి ఎక్కలేదు. ఓజిమాండియస్: రెండు ఫోన్లు. గ్రానైట్ స్టేట్: గేటు దాకా వెళ్లి రేపు అన్నాడు.

పంపేటప్పుడు తోడు ఎపిసోడ్లు కూడా చెప్పండి, లేకపోతే చూసేవాళ్లకి తెగిన దారాలు మిగులుతాయి. ఓజిమాండియస్‌కి ముందు టోహజిలీ. గ్లైడింగ్ తర్వాత, మూడు రోజులు ఆగి, బ్లడ్ మనీ. గ్రానైట్ స్టేట్ తర్వాత ఫెలీనా. ఇంకో దారం కూడా ఉంది. సీజన్ మొట్టమొదటి సీన్‌లో వాల్ట్ ఒక హోటల్లో ఒంటరిగా కూర్చుని ప్లేటులోని బేకన్ ముక్కల్ని 52 అంకెలా పేర్చుకుంటాడు. బ్లడ్ మనీ మొదట్లో పాడుబడిన తన ఇంటికి వస్తాడు, ఎండిపోయిన పూల్‌లో పిల్లలు స్కేటింగ్ చేస్తుంటారు. ఈ రెండూ ఫెలీనాలో కలుస్తాయి. ఆ మొదటి రెండు సీన్లు కలిపి పది నిమిషాలే. మిగతాది వదిలేసినా ఇవి వదలొద్దని అక్కకి చెప్పాను.

అవతలి లిస్టు చదవడం

మీ లిస్టు ఇచ్చాక వాళ్లది అడగండి. వాదించకండి. మీ కాగితంలో లేని సీన్ వాళ్లు చెబితే వెళ్లి ఆ సీన్ చూడండి.

నేను చెప్పినవి చూసేశాక అక్క తన ఐదూ పంపింది. మొదటిది 'బరీడ్'. పదో ఎపిసోడ్, పీపాల్లో డబ్బు పాతిపెట్టేది. నా కాగితం మీద దాని నుంచి ఒక్క సీనూ లేదు. ఫోన్ చేసి అడిగాను.

"అక్కాచెల్లెళ్ల సీన్ నీకు గుర్తు లేదా?" అంది.

వెళ్లి చూశాను. పడకగదిలో స్కైలర్, మేరీ మంచం మీద కూర్చుంటారు. ఎప్పటినుంచి తెలుసు నీకు అని మేరీ అడుగుతుంది. స్కైలర్ జవాబు చెప్పదు. మేరీ తనే లెక్కపెట్టుకుంటూ వెనక్కి వెళుతుంది, హ్యాంక్ మీద కాల్పులు జరిగిన రోజు కన్నా ముందు నుంచేనా అన్నంత దాకా. స్కైలర్ మొహంలోనే జవాబు దొరుకుతుంది. మేరీ చెంప మీద కొడుతుంది. తర్వాత పాపని ఎత్తుకుని పోబోతుంది. స్కైలర్ అరుస్తుంది, హ్యాంక్ వచ్చి పాపని తిరిగి ఇచ్చెయ్యమంటాడు. నేను ఈ సీన్‌ని మూడుసార్లు చూసి మూడుసార్లూ మర్చిపోయాను. వాల్ట్ లేని సీన్ కదా, నా కళ్లు అతని కోసమే వెతుక్కుంటూ ఉన్నాయి.

"దాని ముగింపు ఎక్కడుందో తెలుసా?" అంది అక్క.

"ఓజిమాండియస్‌లో, కార్ వాష్ దగ్గర."

"కాదు. ఫెలీనాలో."

ఆ రాత్రే పెట్టి చూశాను. చిన్న వంటగది. స్కైలర్ ఒంటరిగా కూర్చుని సిగరెట్ తాగుతోంది. ఫోన్ మోగుతుంది, మెషిన్‌లో మేరీ గొంతు. గొడవ కాసేపు పక్కన పెట్టి ఫోన్ ఎత్తమంటుంది. వాల్ట్ ఊళ్లోకి వచ్చాడు, జాగ్రత్త అని చెప్పడానికి చేసింది. అతని వల్ల భర్తని పోగొట్టుకున్న మనిషి చేసిన ఫోన్ అది. స్కైలర్ వింటుంది, సరే అంటుంది, పెట్టేస్తుంది. కెమెరా మెల్లగా ముందుకి జరుగుతుంది. అప్పటిదాకా స్తంభం వెనకున్న వాల్ట్ కనిపిస్తాడు.

కాగితం బయటికి తీశాను. "స్తంభం" అన్న మాట పక్కన కొంచెం చోటుంది. అక్కడ "మేరీ ఫోన్" అని రాసి, ఫోటో తీసి అక్కకి పంపాను.